బడిలో రాట్నం పెట్టిన అవ్వ

"టీచరమ్మా, మా పిల్లను ఏ బడిల వెయ్యమంటరు?" అని ఇప్పటికీ దారిలో ఆపి అడుగుతుంటారు. నేను ఉద్యోగం వదిలి చాలా కాలమైంది. మోకాళ్లు నా మాట వినడం మానేసి కూడా చాలా కాలమైంది. అయినా ఆ ప్రశ్న చెవిన పడిందంటే, అడిగినవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి, చాయ పోయించి, జవాబు పూర్తిగా చెప్పందే వదలను. మా ఇంట్లోవాళ్లు తలుపు చాటున నవ్వుకుంటారు, "దొరికిండ్రు పాపం" అని.

ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను. అడిగే తల్లిదండ్రుల కోసమూ, చిన్నపిల్లల తరగతికి కొత్తగా ఉద్యోగానికి వస్తున్న అమ్మాయిల కోసమూ. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ ఊరికి బదిలీ అయిందో రాయను. అవి చదివితే మీకు నిద్రొస్తుంది, రాస్తే నాకొస్తుంది. తర్వాత వనపర్తిలో, నాగర్ కర్నూలులో ఎన్నో ఏళ్లు పనిచేశాను గానీ, అక్కరకొచ్చే చదువంతా గద్వాలలో చేరిన మొదటి ఏడే అయిపోయింది.

అరుపును బట్టి బడి

అవి నిజాం రోజులు. ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతోందని, అందుకే కిరసనాయిలు దొరకడం లేదని జనం చెప్పుకునేవాళ్లు. మా ఊరు వనపర్తి. హైదరాబాదులో పసిపిల్లలకు చదువు చెప్పే పద్ధతి నేర్చుకుని, ఇరవై నిండకుండానే గద్వాల ఆడపిల్లల బడిలో కుదిరాను. మూడేళ్లు నిండిన పిల్లలకు, ఆడా మగా అందరికీ కలిపి కొత్తగా ఒక శిశు తరగతి పెట్టారు. దానికి పెద్ద బడిలో జాగా లేక, నేతగాళ్ల వీధి చివర మూతబడ్డ నూలు దుకాణం వసారా ఇచ్చారు.

నా పైన పెద్ద పంతులమ్మ ఉండేది. పట్నం మనిషి. ఎండాకాలమూ వానాకాలమూ తేడా లేకుండా నల్ల గొడుగు పట్టుకునే తిరిగేది. చేరిన రోజే చెప్పేసింది: "దసరా సెలవుల్లోపట వీధి పిల్లలతోని వసారా నిండాలె. నిండకపోతె తరగతి మూసేస్త. ఖాళీ వసారాకు పంతులమ్మ ఎందుకు?"

మా నాయన అంతకంటే గట్టివాడు. "మూస్తె ఇంటికి రావాలె. మళ్ల బయటికి తోలేది లేదు" అన్నాడు. నాకేమో ఆ పని మీద ప్రాణం. పొద్దున్నే చీమిడి ముక్కులూ, చెదిరిన జుట్టూ, చేతిలో సగం కొరికిన రొట్టె ముక్కలూ చూస్తే నా కడుపు నిండిపోయేది. ఇది వదిలి ఇంట్లో కూర్చోవాలంటే ఏడుపొచ్చేది. మీరు నవ్వినా సరే, ఉన్నమాట చెబుతున్నాను.

ఆ రోజుల్లో బడిని ఎంచుకునే పద్ధతి ఏమిటో తెలుసా? చెవి. తండ్రి నోట్లో వేపపుల్ల పెట్టుకుని వీధిలో నిలబడి వినేవాడు. ఏ బడిలో పిల్లలు ఎక్కువ గట్టిగా అరిస్తే ఆ అయ్యవారు అంత గొప్పవాడు. పక్క వీధి అయ్యవారి బడిలో ఎక్కాలు మొదలుపెడితే గద్వాల కోట గోడకు తగిలి తిరిగొచ్చేవి. ఆ అరుపుల మధ్య అయ్యవారు గోడకు ఆనుకుని హాయిగా కునుకు తీసేవాడు. అరుపు ఆగితేనే మెలకువ వచ్చేది. అయినా పిల్లల్ని తోలుకొచ్చి "తోలు నీది, బొక్కలు మావి" అని, ఎముకలు మిగిలిస్తే చాలన్నట్టు అప్పగించి పోయేవాళ్లు. మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత కూడా చెప్పేవాళ్లు. మొక్కను వంచమన్నారు గానీ విరవమని ఎవరన్నారమ్మా?

నా వసారాలో నలుగురైదుగురు పిల్లలే, అరుపు లేదు. చింతగింజలు, ఇసుక, మట్టి ముద్దలు, ముచ్చట్లు. వేపపుల్లలు నమిలేవాళ్లు ఇటు చెవి పెట్టి, ఏమీ వినబడక, అటు పోయేవాళ్లు.

స్తంభానికి కట్టిన పిల్లలు

వీధిలోకి నేనే పోయాను. మొదటి ఇంట్లోనే మూడేళ్ల పిల్లవాడొకడు పాత చీరె ముక్కతో స్తంభానికి కట్టేసి ఉన్నాడు. తర్వాత చూస్తే ఇంటింటా అంతే. అది కోపంతో కట్టింది కాదు. నేతగాళ్లు గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం నేస్తారు. పిల్ల గుంటలో పడవచ్చు, పట్టుపోగుల్లో చెయ్యి పెట్టవచ్చు. తల్లి రాట్నం మీద నూలు కండెలు చుట్టాలి, తండ్రి ఆ కండె పెట్టిన నాడెను పోగుల మధ్య అటూ ఇటూ విసరాలి. పిల్లను చూసేదెవరు?

ఇక పొద్దున్నే వీధిలో పడుగు సాచేవాళ్లు. చీరెకు నిలువుగా పోయే పోగులన్నీ వీధి పొడుగునా కర్రల మీద లాగి కట్టి, గంజి పెట్టి, కుంచెతో దువ్వేవాళ్లు. ఒక్క పిల్ల ఉరికి దాంట్లో పడిందా, ఇంటిల్లిపాది కష్టం మట్టిపాలే. అందుకని పడుగు బయటికొస్తే చాలు, "పడుగుందీ! దాటకుండ్రీ!" అని కేక పెట్టేవాళ్లు. ఆ కేక వింటే వీధి వీధంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయేది. కుక్కలు సహా.

"పిల్లల్ని నా దగ్గరికి తోలుండ్రి" అన్నాను.

"నీ బడిల సప్పుడే లేదు గదమ్మా, ఏం జెప్తవ్ నువ్వు?" అన్నారు.

ఎవరిని అడిగినా చివరికి ఒక్క మాటే: "నాగమ్మ పెద్దమ్మ ఏమంటదో చూస్తం. ఆమె తన మనుమరాలిని ఉంచితె మేము గూడ తోల్తం."

నాగమ్మ వచ్చింది

ఒకరోజు పొద్దున ఆమే వచ్చింది. వీధిలో అందరికంటే పెద్దది, బక్కపలుచటి మనిషి, కంచు గొంతు. చంకలో రాట్నం, కొంగు పట్టుకుని నాలుగేళ్ల మనుమరాలు చంద్రి. వసారా మధ్యలో, సరిగ్గా రెండు స్తంభాల నడుమ, రాట్నం దించి కూర్చుంది.

"అవ్వా, పిల్లను ఉంచి నువ్వు పో" అన్నాను నేను, నేర్చుకొచ్చిన పద్ధతి ప్రకారం.

"యాడికి పోత? నేను గూసుంట. నా పని నేను చేస్త, నీ పని నువ్వు చెయ్యి. నాకు నచ్చితె పిల్ల ఉంటది. నచ్చకపోతె నా రాట్నం నా సంకలుంటది."

"ఎన్ని దినాలు కూసుంటవ్?"

"నీకేం, నీ నెత్తి మీద గూసుంటున్ననా?"

అంతే. రోజూ రావడం, గిర్రుగిర్రున కండెలు చుట్టడం, కళ్లు మాత్రం మా మీద. ఆమె కూర్చుంది గదా అని కొన్ని ఇళ్లవాళ్లు పిల్లల్ని తోలి చూస్తున్నారు, తతిమ్మా వీధంతా ఆమె మాట కోసం ఆగింది. చంద్రి ఆమె కొంగు వదిలేది కాదు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల గడప దాటితే ఒక్క మాట మాట్లాడదు. "వీధిల సగం మంది మూగది అనుకుంటున్నరు" అని నాగమ్మే చెప్పింది. గట్టి గొంతుతోనే చెప్పింది గానీ, చెప్పేటప్పుడు రాట్నం ఆగింది.

నాకైతే ఒళ్లు మండేది. అత్తగారు వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నట్టు ఉండేది. మధ్యమధ్యలో సలహాలొకటి. "ఆ పోరనికి కడుపు నొస్తున్నట్టుంది, సూడు." నిజంగానే నొస్తుండేది. "ఆ పోరిని ఎండల గూసోబెట్టకు, జలుబు చేస్తది." ఎండకు జలుబేమిటో నాకిప్పటికీ తెలియదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి

పెద్ద పంతులమ్మ తనిఖీకి వచ్చింది. గుమ్మంలో నిలబడి గొడుగు నేల మీద పొడిచింది.

"ఇది బడా, దవాఖానానా? ఇంత సప్పుడు లేకుండ ఉంటె ఎవరొస్తరు? రేపటి నుంచి అ ఆలు గట్టిగ అరిపియ్యి. ఈ వీధి మొత్తం ఇనాలె."

ఉద్యోగం కదా, అరిపించాను. పిల్లలకు అరవడమంటే పండుగే. అక్షరం ఏదైతేనేం, గొంతు చించుకున్నారు. వీధిలో ఇద్దరు తండ్రులు ఆగి మెచ్చుకోలుగా తలలూపారు కూడా. కానీ చంద్రి రెండు చెవులూ మూసుకుని అవ్వ ఒడిలో తల దాచుకుని వణికిపోయింది. రాట్నం ఆగింది.

"పంతులమ్మా" అంది నాగమ్మ మెల్లగా. ఆమె మెల్లగా మాట్లాడడం అదే మొదలు. "రేపు గూడ గిట్లనే ఒర్లిపిస్తె నేను రాను. నేను రాకపోతె ఎవ్వరు రారు."

చూశారా నా గతి? అరిపిస్తే నాగమ్మ పోతుంది, ఆమెతోపాటు వీధి పోతుంది. అరిపించకపోతే పెద్ద పంతులమ్మ తరగతి మూస్తుంది. ఎటు చూసినా నన్ను ఇంటికి తీసుకుపోయే వనపర్తి బండే కనబడుతోంది. ఆ రోజంతా ఆలోచించి, తెల్లారి అరుపులు మానేశాను. ధైర్యం అనుకునేరు. చంద్రి వణుకు నేను మళ్లీ చూడలేను, అంతే. పోతే పోయిందిలే ఉద్యోగం అనుకున్నాను. అనుకున్నానే గానీ, దసరాకు ఇంకెన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెడుతూనే ఉన్నాను.

పిల్లల పడుగు

ఆ దుకాణం మూలన పనికిరాని నూలు ఉండలు పడి ఉండేవి. పిల్లలు వాటిని లాగి ఒక ఆట మొదలుపెట్టారు. నేను నేర్పింది కాదు. రెండు స్తంభాల మధ్య పోగులు లాగి కట్టేవాళ్లు. ఒకడు కొబ్బరి పీచుతో దువ్వేవాడు. ఒకతి చిప్పలో నీళ్లు పెట్టుకుని "గంజి, గంజి" అంటూ చల్లేది. ఇంకొకడు తాతలాగా నడుం మీద చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ తిరిగి అందరినీ తిట్టేవాడు. ఎంత సేపైనా అంతే, వేరే ధ్యాస ఉండేది కాదు. పడుగు దగ్గర ఉరకకూడదని వాళ్లకు పుట్టుకతోనే తెలుసు. ఎన్ని పోగులు, ఏది పొడుగు, ఏది పొట్టి, ఎవరి వంతు ఎప్పుడు, అన్నీ ఆ ఆటలోనే నడిచేవి. నేను పక్కన కూర్చుని ఒక్కో మాట అందించేదాన్ని.

చిక్కల్లా నాగమ్మ రాట్నమే. సరిగ్గా స్తంభాల మధ్య ఉండేది కాబట్టి పడుగును దాని చుట్టూ వంకర తిప్పాల్సి వచ్చేది. జరగమని చెప్పే దమ్ము నాకు లేదు, పిల్లలకూ లేదు.

చంద్రి కొంగు పట్టుకునే చూసేది. ఒకరోజు పోగు తెగింది. తాత వేషం వేసిన పిల్లవాడికి ముడి రాలేదు. చంద్రి కొంగు వదిలింది, లేచి వచ్చింది, పోగు రెండు కొసలూ వేళ్ల మధ్య పెట్టి మెలి తిప్పి అతికించింది, మళ్లీ వెళ్లి కొంగు పట్టుకుంది. ఒక్క మాట లేదు. నేనూ నాగమ్మా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ పూట మొదటిసారి ఆమె నాకు తన మూటలోంచి వేయించిన పల్లీలు పెట్టింది.

గొడుగుతో సహా

దసరా సెలవులకు ముందు పెద్ద పంతులమ్మ రానే వచ్చింది. వసారాలో సగం జాగా ఖాళీ. పిల్లలు వంగి పడుగు దువ్వుతున్నారు. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం.

"ఇంక చాలు. రేపు తాళం ఏసేస్త" అంది ఆమె. తాళం వేసే తలుపు ఎట్లా ఉందో చూడ్డానికి లోపలికి నడిచింది. ఎదురుగా నేల మీద జానెడెత్తున పోగులు. ఆమెకవి పిల్లల చెత్త. కుడికాలు ఎత్తి ఇటు నుంచి అటు వేయబోయింది.

"పడుగుందీ! దాటకూ!"

ఆ కేక చంద్రిది. నాగమ్మ కంచు గొంతు ఎవరికి వచ్చిందో ఆ రోజు తెలిసింది. వెంటనే పిల్లలందరూ అందుకున్నారు. "పడుగుందీ! దాటకూ! పడుగుందీ!" పెంకులు లేచిపోయాయనుకోండి. పక్క వీధి అయ్యవారికి కచ్చితంగా మెలకువ వచ్చి ఉంటుంది.

ఆ కేకకు వీధి వీధంతా కదిలింది. గుంటల్లోంచి మగవాళ్లు ఎగిరి బయటపడ్డారు. గంజి చేతులతో ఆడవాళ్లు ఉరికొచ్చారు. ఒకాయన కుంచె పట్టుకునే వచ్చాడు.

"ఎవరి పడుగు? ఎవరిదే? ఏడ తెగింది?"

వచ్చి చూస్తే ఏముంది! వసారాలో పెద్ద పంతులమ్మ ఒంటికాలి మీద, గొడుగు ఆనుకుని, ఇంకో కాలు గాల్లో. ముందుకు పెట్టడానికి పిల్లలు ఒప్పుకోరు, వెనక్కి తీయడానికి ఆమెకు తోచదు. కింద మా పిల్లల పడుగు.

కుంచె పట్టుకున్న పెద్దాయన వంగి చూసి, పోగులు వేలితో మీటి, "గంజి జర తక్కువైంది రా" అన్నాడు పిల్లలతో, ఎంతో గంభీరంగా. అంతే, ఒకావిడ ముందు నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఎవరి పిల్ల ఏం చేస్తోందో తల్లులు వంగి వంగి చూసుకున్నారు. ఇంట్లో స్తంభానికి కట్టేసే పిల్లలే కదా, ఇక్కడ కట్లు లేకుండా పోగు దగ్గర కుదురుగా ఉన్నారు.

"ఏందమ్మా పెద్ద పంతులమ్మా" అంది నాగమ్మ కూర్చున్నచోటి నుంచే, "సప్పుడు లేదు సప్పుడు లేదు అంటివి. కోట దాక ఇనొచ్చింది గద, ఇంకేం గావాలె నీకు?"

పెద్ద పంతులమ్మ కాలు వెనక్కి తీసుకుంది. పడుగు చుట్టూ తిరిగి వచ్చింది. ఆమె పెదాలు వణుకుతుంటే కోపమనుకున్నాను. నవ్వు! కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "దసరా అయినంక చూస్త" అంటూ గొడుగు తెరుచుకుని వెళ్లిపోయింది. మనిషి కఠినం గానీ చెడ్డది కాదు. తర్వాత కొన్నేళ్లు ఆమె కింద పనిచేశాను, ఆమె మళ్లీ ఎప్పుడూ ఏ పసిపిల్లల ఆటనూ దాటబోలేదు.

నాగమ్మ కళ్లు తుడుచుకుంటోంది. "ఇన్నరా? మూగది గాదు. నా చంద్రి ఒర్లింది, మీరే ఇన్నరు గద" అని వచ్చినవాళ్లకు పేరుపేరునా చెబుతోంది. కానీ పిల్లను ఉంచుతానని మాత్రం అనలేదు. వీధి కూడా ఆమె నోటి వంకే చూసి, ఇళ్లకు పోయింది.

ఆమె ఏం చూసింది

అందరూ పోయాక ఉండబట్టలేక అడిగాను. "అవ్వా, ఇన్ని దినాలు గూసుంటివి. ఏం జూసినవ్?"

"పడ్డ పోరడు ఎవరి దిక్కు ఉరుకుతడో జూసిన. తలుపు దిక్కు ఉరికితె గది మంచి జాగ గాదు. నీ దిక్కు ఉరుకుతుండ్రు."

ఇంతకు మించి నాకెవరూ ఏదీ నేర్పలేదు. తల్లిదండ్రులారా, మీరు బోర్డు చదవకండి. గోడ మీది బొమ్మలు చూడకండి. ఇల్లు అలకగానే పండుగ కాదు. నాగర్ కర్నూలులో ఉండగా బల్మూర్ వైపు రైతు ఒకాయన కొడుకును తోలుకొచ్చి, నేను మాట్లాడుతున్నంతసేపూ నా నోటి వంకే చూశాడు. "ఏందన్నా, పళ్లు జూస్తున్నవా?" అన్నాను. "లేదమ్మా" అని సిగ్గుపడి, "ఎద్దునైతె కట్టేసినకాడ జూసి కొనం, నడిపించి జూస్తం. నీ బడి నడిచేటప్పుడు ఒకసారి వస్త" అన్నాడు. నన్ను ఎద్దును చేసినా సరే, మాట సరైంది. ప్రార్థన వేళకు పోతే ప్రతి బడీ బాగుంటుంది. మధ్యాహ్నం, పిల్లలకు నిద్రా ఆకలీ చికాకూ కలిసి వచ్చే వేళకు వెళ్లండి. ఆ వేళ పంతులమ్మ గొంతు ఎట్లా ఉందో అదే ఆ బడి.

ఇంకా మూడు నాలుగు మాటలు. తాగే నీళ్ల కుండ పిల్లల చేతికి అందుతుందా చూడండి. గుడ్డ తడుపుకున్న పిల్లకు ఎవరు, ఏ ముఖంతో బట్ట మారుస్తారో చూడండి. మీ ఇంటి మాటను వెక్కిరించే చోట పిల్లను వేయకండి. కన్నడం కలిపి మాట్లాడే పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు నా దగ్గరికి చాలామంది వచ్చారు. వాళ్ల అవ్వ నేర్పిన మాటను ముందు నేను నేర్చుకున్నాకే వాళ్లు నా మాట నేర్చుకున్నారు. ఏడాది తిరగకముందే చదివిస్తాం, రాయిస్తాం అని గొప్పలు చెప్పేవాళ్లను చూస్తే నాకిప్పటికీ మంటే.

కొత్తగా చేరే అమ్మాయిలకు ఒకటే. బడిలో కూర్చుంటానన్న అవ్వను తరమకండి. జాగా ఇచ్చి, వీలైతే పల్లీలు తినండి.

మరునాడు

తెల్లారి నేను తొందరగా వెళ్లి వసారా ఊడుస్తున్నాను. దసరా అయ్యాక ఇది ఊడ్చే పని నాకు ఉంటుందో ఉండదో అని మూలమూలా ఊడ్చాను. వీధి చివర నాగమ్మ కనబడింది. చంకలో రాట్నం. వెనక దూరంగా తల్లులు, చంకల్లో పిల్లలు, ఆమె ఏం చేస్తుందో చూద్దామని.

నాగమ్మ మెట్లెక్కింది. ఎప్పటిలాగే రెండు స్తంభాల నడుమకు వచ్చి రాట్నం దించబోయింది.

చంద్రి కొంగు వదిలి ఆమె ముందు నిలబడింది.

"నువ్వు పో అవ్వా."

"ఏందే?"

"నీ రాట్నం పడుగుకు అడ్డముంది. నువ్వు ఇంటికి పో."

నాగమ్మ నా వైపు చూసింది, పిల్ల వైపు చూసింది, రెండు స్తంభాల వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పడుగుకు అడ్డమున్నవాళ్లను జరిపిన మనిషి. ఇప్పుడేమని వాదిస్తుంది?

"సూసినవా పంతులమ్మా, నన్నే పొమ్మంటది! నన్నే!" అంటూ ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. రాట్నం చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. వీధిలో నిలబడ్డ తల్లుల ముందు ఆగి, ముక్కు చీది, "ఏం జూస్తుండ్రు? తోలుండ్రి పిల్లల్ని" అంది.

వాళ్లు మెట్లెక్కుతుంటే, నాగమ్మ మూల తిరిగేదాకా వెనక్కి చూస్తూనే నడిచింది. చంద్రి ఒక్కసారి కూడా తల తిప్పలేదు. పోగు లాగడంలో మునిగిపోయింది.